వంటింటి మాటలు: గీకి వడ్డించే భోజనం



ఈ శీర్షికలో మనం ఎప్పుడూ పచ్చళ్ళు, పులుసులు, పండుగ పిండివంటల గురించే మాట్లాడుకుంటూ ఉంటాం. ఈ నెల మాత్రం ఒక దూరదేశపు భోజనం గురించి రాయాలనిపించింది. అందులో ఉండేవి రెండే వస్తువులు. తొక్కతో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, వాటి మీద కరిగించి వేసిన చీజ్. స్విట్జర్లాండు దేశంలో దీన్ని రాక్లెట్ అంటారు. ఇంతేనా, దీనికి ఒక వ్యాసమా అనుకుంటారేమో. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

2018 డిసెంబరులో మా అమ్మాయి రెండో కాన్పుకని స్విట్జర్లాండులోని లోజాన్ పట్టణానికి వెళ్ళాను. మా అల్లుడిగారికి అక్కడ ఉద్యోగం. వెళ్ళేటప్పుడు పెట్టెలో సగం కారప్పొడులు, పచ్చళ్ళు, ఎండబెట్టిన ఒడియాలే. పురిటి పథ్యం, పెద్దపిల్లకు అన్నం, అల్లుడికి కూర, వీటితోనే నాకు రోజులు గడిచిపోయేవి. కిటికీలోంచి చూస్తే మంచు. బయటకు పోవడానికి భయం. నాకు తెలిసిన స్విట్జర్లాండు అంతా ఆ వంటింట్లోనే ఉండేది.

కింది వాటాలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకు నా భాష రాదు. మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. బిడ్డ పుట్టిన పదో రోజో పన్నెండో రోజో ఆవిడ సాయంత్రం వేళ తలుపు తట్టింది. ఒక చేతిలో కరెంటు పెట్టె లాంటిది, రెండో చేతిలో గుడ్డలో చుట్టిన పెద్ద చీజ్ ముక్క. వెనక అల్లుడు దుంపల బుట్ట మోసుకొస్తున్నాడు. "ఈ రాత్రికి మీ అమ్మ వంట చేయకూడదు" అందట. మా అమ్మాయి నవ్వుతూ తెలుగులో చెప్పింది.

ముందు చీజ్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మన నిఘంటువుల్లో దాన్ని జున్ను అని రాస్తారు. మన బైబిలులో కూడా దావీదు యుద్ధభూమిలో ఉన్న అన్నల దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళ సహస్రాధిపతికి పది జున్నుగడ్డలు తీసుకుపోయాడని చదువుకుంటాం. చిన్నప్పుడు నేను అది మనింట్లో ఆవు ఈనినప్పుడు బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించే జున్నే అనుకునేదాన్ని. అంత దూరం మోసుకుపోతే పాడైపోదా అని దిగులు కూడా పడేదాన్ని! ఆ జున్ను వేరు. చీజ్ అంటే పాలను విరగనిచ్చి, నీరు పిండి, ఉప్పు పట్టించి, నెలల తరబడి నిలవ చేసిన గడ్డ. మనం ఆవకాయను ఏడాదికి నిలవ చేసుకున్నట్టు, కొండల్లో బతికేవాళ్ళు వేసవి పాలను చలికాలానికి అలా దాచుకున్నారు.

ఆ పెద్దావిడ పుట్టింది వాలే అనే కొండ ప్రాంతంలో. దేశానికి దక్షిణంగా, రోన్ నదికి రెండు వైపులా ఎత్తయిన మంచుకొండలు, మధ్యలో లోయ. ముఖ్యపట్టణం పేరు సియోన్. పేరు వినగానే మీకు సీయోను కొండ గుర్తొస్తుంది, నాకూ వచ్చింది. కానీ దానికీ దీనికీ సంబంధం లేదట. పూర్వం రోమనులు పిలిచిన సెదూనుమ్ అనే పేరే మారి మారి అలా అయిందట. అయితే ఆ ఊళ్ళో ఒక కొండ మీద పాత చర్చి ఉంది. ప్రపంచంలో ఇప్పటికీ వాయించడానికి వీలున్న అతి పాత ఆర్గనుల్లో ఒకటి అందులోనే ఉంది. రాక్లెట్ పుట్టిల్లు ఆ లోయే.

పశువులున్న మన పల్లెటూరి కుటుంబాలకు ఆ ఊళ్ళ సంగతులు బాగా నచ్చుతాయి. అక్కడ ఎరాన్స్ అనే జాతి ఆవులున్నాయి. పొట్టివి, నల్లగానో ముదురు గోధుమరంగుగానో బలంగా ఉంటాయి. జూన్ నెలలో మందలన్నీ కలిపి కొండ మీది పచ్చిక బయళ్ళకు తోలుతారు. కొత్తగా కలిసిన ఆవులు తలలు ఢీకొట్టి పోట్లాడుకుని, వాటిలో ఎవరు పెద్దో అవే తేల్చుకుంటాయి. గెలిచినదాన్ని రాణి అంటారు. ఆ పోట్లాట చూడడానికి జనం తిరునాళ్ళకు పోయినట్టు పోతారు. మనవైపు ఎద్దుల బండలాగుడు పందేలు ఉన్నాయి గదా, ఇంచుమించు ఆ సంబరమే. సెప్టెంబరులో చలి మొదలవగానే మందలు కిందికి దిగుతాయి.

ఆ మూడు నాలుగు నెలల పాలు ఎవరింటికి వాళ్ళు తెచ్చుకోవడం కుదరదు. కొండ మీదే అందరి పాలూ ఒకే పెద్ద రాగి కాగులో పోసి చీజ్ చేసేవారు. ఎవరి ఆవు ఎన్ని పాలిచ్చిందో కొలిచి రాసుకుని, వేసవి అయిపోయాక ఆ లెక్క ప్రకారం చీజ్ గడ్డలు పంచుకునేవారు. మన పాల సంఘాల్లో పొద్దున్నే కేంద్రం దగ్గర క్యాను పట్టుకుని నిలబడి, కొలత వేయించుకుని, పుస్తకంలో రాయించుకునే అక్కచెల్లెళ్ళకు ఈ లెక్క కొత్త కాదు. అక్కడ డబ్బుకు బదులు చీజ్, అంతే తేడా.

చేసే విధానం క్లుప్తంగా చెబుతాను. పచ్చిపాలను గోరువెచ్చగా చేసి, రెన్నెట్ అనే పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. పూర్వం దాన్ని లేగదూడ కడుపు పొర నుంచి తీసేవారు. పాలు గడ్డకడతాయి. ఆ గడ్డను సన్నసన్న ముక్కలుగా కోసి, మళ్ళీ కాస్త వేడిచేసి, గుండ్రటి అచ్చుల్లో నింపి, బరువు పెట్టి నీరంతా పోనిస్తారు. తరువాత ఉప్పునీళ్ళలో ఉంచి, చల్లటి నేలమాళిగలో చెక్కబల్లల మీద వరుసగా పేర్చి, ఉప్పునీళ్ళ గుడ్డతో తుడుస్తూ తిప్పుతూ కనీసం మూడు నెలలు ఉంచుతారు. ఒక్కో గడ్డ బండి చక్రంలా గుండ్రంగా, సుమారు అయిదు కిలోలు ఉంటుంది. కిలో చీజ్‌కు సుమారు పది లీటర్ల పాలు కావాలి. అంటే ఒక్క చక్రం వెనక యాభై లీటర్ల పాలున్నాయన్నమాట. 2007 నుంచి ఆ లోయలో ఆ పద్ధతిలో చేసినదానికి తప్ప మరొకదానికి 'రాక్లెట్ దు వాలే' అనే పేరు పెట్టి అమ్మకూడదు. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినట్టే.

ఇక ఆ రాత్రి సంగతి. ఆవిడ తెచ్చిన కరెంటు పెట్టెను భోజనాల బల్ల మధ్యలో పెట్టింది. పైన ఇనుప పలక, దాని కింద వేడెక్కే తీగ, ఆ తీగ కింద చుట్టూ చిన్న చిన్న పిడి ఉన్న పెనాలు దూర్చే అర. మనిషికొక పెనం. చీజ్ పలుచని పలకగా కోసి ఎవరి పెనంలో వాళ్ళు పెట్టుకుని తీగ కిందికి తోయాలి. రెండు మూడు నిమిషాల్లో అది కరిగి, పైన బుడగలు కట్టి, అక్కడక్కడా ఎర్రబడుతుంది. ఈలోపు పళ్ళెంలో దుంపను తొక్కతోనే చిదిపి పెట్టుకుని, చిన్న చెక్క అట్లకాడతో చీజ్‌ను దాని మీదికి గీకుకోవాలి. పైన మిరియాల పొడి. పక్కన వెనిగరులో ఊరిన చిన్న దోసకాయలు, చిన్న ఉల్లిపాయలు.

నేను అలవాటు ప్రకారం లేచే ఉన్నాను. అల్లుడి పళ్ళెంలో దుంప అయిపోయిందేమో, పాపకు చేయి కాలుతుందేమో, అమ్మాయికి బిడ్డ ఏడిస్తే ఎవరు చూస్తారు, ఇవే ఆలోచనలు. బల్ల చుట్టూ అయిదు కుర్చీలున్నాయి. ఒకటి ఖాళీ. ఆ పెద్దావిడ రెండుసార్లు ఆ కుర్చీ చూపించింది. నేను "మీరు తినండి, నేను తరువాత తింటాను" అన్నాను తెలుగులోనే. మూడోసారి ఆవిడ లేచి వచ్చి, నా రెండు భుజాల మీద చేతులు వేసి కూర్చోబెట్టింది. నా ముందు ఒక పెనం పెట్టి ఏదో చెప్పింది. మా అమ్మాయి వెంటనే తెలుగు చేయలేదు. కాసేపాగి, "తరువాత తినడానికి ఇందులో ఏమీ మిగలదు అంటోందమ్మా. చల్లారితే రబ్బరు అయిపోతుందట. ఎవరిది వాళ్ళు అప్పుడే తినాలట" అంది.

అది వంట గురించి చెప్పిన మాటే. కానీ నాకు తల పైకెత్తడం కష్టమైంది.

తరువాత ఆవిడే తన చిన్ననాటి రాక్లెట్ గురించి చెప్పింది. అప్పుడు ఈ కరెంటు పెట్టెలు లేవు. ఇంటి బయట కట్టెల నిప్పు. అయిదు కిలోల చక్రాన్ని సగానికి కోసి, కోసిన ముఖాన్ని నిప్పు వైపు తిప్పి ఒక రాతి మీద నిలబెట్టేవారట. ముఖం కరిగి జారబోయే సమయానికి దాన్ని ఎత్తి, పళ్ళెం మీదికి వంచి, కత్తి వీపుతో ఒక్క గీకు. అంతే, ఒకరి వంతు. మళ్ళీ నిప్పు దగ్గర పెట్టడం, మళ్ళీ కరగడం, మళ్ళీ ఇంకొకరి పళ్ళెం. ఫ్రెంచి భాషలో గీకడాన్ని రాక్లే అంటారు. ఆ మాట నుంచే రాక్లెట్ అనే పేరు. కొండ మీది పశువుల కాపరుల తిండిగా ఉన్నది 1909లో సియోన్‌లో జరిగిన ప్రదర్శనలో బయటివాళ్ళకు పెట్టాక దేశమంతటికీ తెలిసింది.

ఆవిడ ఇంట్లో గీకేది వాళ్ళ నాన్న. పొగకు కళ్ళు ఎర్రబడి, ముఖం ఒకవైపు కాలి, అందరికీ వడ్డించి, చివర మిగిలినది నిలబడే తినేవాడట. "మా నాన్న కూర్చుని రాక్లెట్ తినడం నేను ఎప్పుడూ చూడలేదు" అంది. అందుకని ఆమె పెళ్ళయ్యాక ఈ పెట్టె కొనుక్కుంది. అసలైన రుచి నిప్పు దగ్గరే అని వాలే వాళ్ళు ఇప్పటికీ వాదిస్తారట. ఆవిడా ఒప్పుకుంది. అయినా పెట్టే మేలంది.

మన ఇళ్ళలో చివర తినేది నాన్న కాదు. మా అమ్మ మా అందరికీ, పొలం నుంచి వచ్చిన పనివాళ్ళకూ పెట్టి, గిన్నెలు దగ్గరకు లాక్కుని, అన్నం గిన్నె అడుగున అంటుకున్న మాడు గరిటెతో గోకి, అందులోనే మజ్జిగ పోసుకుని వంటింటి గడప దగ్గర తినేది. కూర ఉందా లేదా ఎవరమూ అడగలేదు. పాలదాక అడుగున ఎర్రగా పట్టిన దాన్ని ఆల్చిప్పతో గోకి మాత్రం మాకు పెట్టేది. అది ఎవరికి రావాలని మేం నలుగురం కొట్టుకునేవాళ్ళం. మంచి గోకుడు మాకు, మాడు గోకుడు ఆమెకు. మా అమ్మ పోయి పాతికేళ్ళు దాటింది. ఈ సంగతి నాకు లోజాన్‌లో ఆ బల్ల దగ్గర తట్టింది.

రాక్లెట్‌లో కూడా అలాంటి గోకుడు ఒకటి ఉంది. నిప్పు దగ్గర చక్రం కరుగుతున్నప్పుడు దాని అంచు చుట్టూ ఉన్న పెచ్చు ఎర్రగా వేగి కరకరలాడుతుంది. దాన్ని చెక్కి, అడిగినవాళ్ళకు వేస్తారు. దాని పేరు రెలిజియూజ్. అంటే కన్యస్త్రీ అని అర్థం! ఎందుకు ఆ పేరు వచ్చిందో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. మా అల్లుడికి ఆ ముక్కంటే ప్రాణం.

సరే, మన ఇంట్లో ఎలా చేసుకోవాలి?

దుంపల నుంచి మొదలుపెడదాం. బంగాళాదుంప అనండి, ఉర్లగడ్డ అనండి, ఆలుగడ్డ అనండి, కోడిగుడ్డంత సైజువి, ఉడికితే పిండిపిండిగా చిట్లనివి ఏరుకోవాలి. కొత్తదుంపలు బాగుంటాయి. పచ్చబడినవి, మొలకలు వచ్చినవి పక్కన పడేయండి, అవి తినకూడదు. మట్టి పోయేలా పీచుతో రుద్ది కడగాలి, ఎందుకంటే తొక్కతోనే తింటాం. గిన్నెలో చన్నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, దుంపలు అందులో వేసి అప్పుడు పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్ళలో వేస్తే పైన చిట్లుతాయి, లోపల ఉడకవు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు చాలు. కుక్కరు వద్దంటాను. తొందర పనికి మంచిదే కాని దుంప చెదిరిపోతుంది. నీళ్ళు వంచేసి, గుడ్డ పరిచిన బుట్టలో వేసి, అదే గుడ్డతో కప్పండి. అరగంట దాకా వేడిగా ఉంటాయి. మనిషికి నాలుగైదు దుంపలు.

చీజ్ దగ్గర జాగ్రత్త కావాలి. పనీరు పనికిరాదు. వేడి పాలలో నిమ్మరసం పిండి విరిచిన పనీరు ఎంత వేడి చేసినా కరగదు, ముక్క ముక్కగానే ఉండి ఎర్రబడుతుంది. రెన్నెట్ లాంటి దానితో గడ్డకట్టించి తీరిగ్గా నిలవ చేసిన చీజ్ అయితేనే వేడికి సడలి పారుతుంది. అసలైన రాక్లెట్ చీజ్ మన ఊళ్ళలో దొరకదు. దొరికినా మనం కొనలేం. పట్టణంలో గౌడా అనే రకం దొరికితే మంచిది. లేకపోతే పిజ్జాల మీద వేసే మోజరెల్లా రెండు వంతులు, చెడ్డార్ ఒక వంతు కలుపుకోండి. మోజరెల్లా ఒక్కటే వేస్తే సాగుతుంది గాని చప్పగా ఉంటుంది. ఘనాకారపు ముక్కలుగా అమ్మే ప్రాసెస్డ్ చీజ్ అయితే ఉప్పగా ఉండి, సరిగా పారకుండా బిగుసుకుంటుంది. స్విస్ వాళ్ళు మనిషికి రెండు వందల గ్రాములకు పైనే తింటారు. మనకు అంత అరగదు, అంత స్తోమతా ఉండదు. ఆరుగురికి నాలుగు వందల గ్రాముల చీజ్, ఒకటిన్నర కిలోల దుంపలు సరిపోయాయి మాకు.

పక్కన వాళ్ళ దోసకాయ ముక్కల బదులు పులుపుగా ఏదో ఒకటి ఉండి తీరాలి. కొవ్వుకు పులుపే విరుగుడు. చిన్న ఉల్లిపాయల్ని ముందురోజే వెనిగరు, ఉప్పు, చిటికెడు చక్కెరలో వేసి ఉంచండి. మామిడి అల్లం ముక్కలు నిమ్మరసంలో ఊరినవైనా బాగుంటాయి. మా వారు దబ్బకాయ ఊరగాయ వేసుకున్నారు. ఆ రుచి ఎలా ఉందో నేను చెప్పను, వాలే వాళ్ళు వింటే కొడతారు.

తాగడానికి అక్కడ తెల్ల వైన్ గాని, పాలు కలపని వేడి టీ గాని పెడతారు. వైన్ తాగితే చీజ్ త్వరగా అరుగుతుందని వాళ్ళలో ఒక నమ్మకం ఉండేది. 2010లో జూరిక్ వైద్యులు ఇరవై మందికి ఫాండ్యూ అనే ఇంకో కరిగించిన చీజ్ వంటకం పెట్టి పరీక్షించి చూశారు. వైన్ తాగినప్పటికంటే టీ తాగినప్పుడే కడుపు త్వరగా ఖాళీ అయింది. కాబట్టి మన ఇళ్ళలో డికాక్షన్ టీ నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

బి.పి. ఉన్నవాళ్ళు రెండు దుంపలతో, కొద్ది చీజ్‌తో ఆపుకోవడం మంచిది. చీజ్‌లోనూ ఉప్పే, ఊరగాయలోనూ ఉప్పే.

ఇప్పుడు కరిగించడం. ఇక్కడే నేను బోర్లాపడ్డాను. ఊరికి వచ్చాక 2019 వేసవిలో మొదటిసారి చేశాను. గ్యాసు పొయ్యి మీద అట్ల పెనం పెట్టి, చీజ్ వేసి, మూత పెట్టి, కరగగానే అట్లకాడతో గీకి ఒక్కొక్కరికీ పరుగున తీసుకెళ్ళి వేశాను. పెనం దగ్గర ఒక్క క్షణం ఏమరితే మాడు. పళ్ళెంలో రెండు నిమిషాలు ఆలస్యమైతే రబ్బరు. హాలులోంచి "ఇంకొకటి వెయ్యి" అని కేకలు. వంటింట్లో నేను, కొంగుతో చెమట తుడుచుకుంటూ. చివరికి అందరూ లేచాక చూస్తే పెనానికి అంటుకుపోయిన చీజ్ మిగిలింది. అట్లకాడతో గోకి నిలబడే తిన్నాను. నోట్లో పెట్టుకున్నాక గాని ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు.

ఆర్నెల్లు మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆ డిసెంబరులో, సెలవులకు మా అబ్బాయి, కోడలు, పిల్లలిద్దరూ వచ్చినప్పుడు మా కోడలే ఉపాయం చెప్పింది. "అత్తయ్యా, మనిషికొక చిన్న పెనమే గదా కావలసింది? పోపు గరిటెలు ఉన్నాయిగా!" అంది. అవును, ఇనుప పోపు గరిటె. పొడుగు కాడ, చిన్న గిన్నె. దీనికోసమే చేసినట్టుంది. మా ఇంట్లో రెండున్నాయి. మిగతావి ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి అడిగి తెచ్చుకున్నాం. ఇన్ని పోపులు ఏం పెడుతున్నారని ఎదురింటి వదిన వచ్చి చూసి వెళ్ళింది.

వాకిట్లో కుంపటి వెలిగించాం. బొగ్గులు బాగా రాజుకుని మంట అణిగి, పైన తెల్లటి బూడిద పట్టాక చుట్టూ పీటలు వేసుకుని కూర్చున్నాం. దయచేసి ఒక మాట గుర్తుపెట్టుకోండి. కుంపటి ఇంట్లో, తలుపులు మూసిన గదిలో పెట్టవద్దు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాకిట్లో, గాలి ఆడే చోట మాత్రమే. వాకిలి లేనివాళ్ళు కరెంటు ఇండక్షన్ స్టవ్‌ను నేల మీద మధ్యలో పెట్టి, దాని మీద అడుగు చదునుగా ఉన్న ఇనుప పెనం ఉంచి, చుట్టూ కూర్చుని ఎవరి మూల వాళ్ళు కరిగించుకోవచ్చు. నాన్‌స్టిక్ పెనమైతే చెక్క అట్లకాడే వాడాలి.

గరిటెకు లోపల కొద్దిగా వెన్న రాయండి, లేకపోతే చీజ్ పట్టేస్తుంది. తురిమిన చీజ్ పెద్ద చెంచాడు వేసి, నిప్పుకు నాలుగు వేళ్ళ ఎత్తులో పట్టుకోవాలి. ఆనిస్తే అడుగు మాడుతుంది, పైన కరగదు. కాడ కాలుతుంది కాబట్టి మందపాటి పొడి మసిగుడ్డ చుట్టుకోవాలి. చిన్నపిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకోండి గాని గరిటె వాళ్ళ చేతికి ఇవ్వకండి. కరిగిన చీజ్ చర్మానికి అంటుకుంటే మరిగిన నూనె కంటే మొండిది, ఒక పట్టాన ఊడదు. పొరపాటున పడితే లాగకుండా ముందు ధారగా చన్నీళ్ళు పోయాలి.

ఆరుగురం, ఆరు గరిటెలు. మనవడి గరిటె వాళ్ళ నాన్న పట్టుకున్నాడు. చిన్నదాని గరిటె కోడలు తన దానితో కలిపి రెండు చేతులా పట్టుకుంది. ఎవరిది కరగడానికి వాళ్ళే కాపలా. నాకు లేవడానికి పనే లేదు. రెండుసార్లు లేవబోయాను, ఒకసారి టీ కోసం, ఒకసారి దేనికో నాకే తెలియదు. మా అబ్బాయి టీ ఫ్లాస్కు కాలి దగ్గర పెట్టి "ఇదిగో అమ్మా, ఇక్కడే ఉంది" అన్నాడు.

మా వారు నలభై రెండేళ్ళ సంసారంలో ఎన్నడూ గరిటె పట్టినవారు కాదు. మొదటి వాయి బొగ్గుల్లో పోశారు, గుప్పున మంట లేచింది. రెండోది మాడ్చారు. మూడోది మాత్రం చక్కగా, అంచులు ఎర్రగా వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన దాన్ని తన పళ్ళెంలో వేసుకోబోయి, నా వైపు చూసి, నా దుంప మీద గీకారు. కాస్త పక్కకు పడింది. కొంచెం ఉప్పు ఎక్కువైంది కూడా, చీజ్‌లో ఉన్న ఉప్పు మరిచి పైన చల్లారు లెండి.

మిగిలిన దుంపలు పది దాకా ఉన్నాయి. మర్నాడు పొద్దున తొక్క తీయకుండా నాలుగు ముక్కలు చేసి, జీలకర్ర, ఎండుమిరపకాయలు వేసి వేపితే టిఫినుకు సరిపోయాయి. పోపు గరిటెలు చింతపండుతో తోమి ఎవరివి వాళ్ళకు ఇచ్చి వచ్చాను. ఎదురింటి వదిన తన గరిటె అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఈసారి చేసినప్పుడు తనకూ ఒక పీట వేయమంది.